అమెరికన్ జనప్రియ గీతాల్లో విలాసకార్ల పేర్లు: ఆలంకారిక పరిశీలన

వ్యాససంగ్రహం:

పాటలో ఖరీదైన కారు పేరు వినిపించగానే దానిని వ్యాపార ప్రచారంగా ఎంచి పక్కన పెట్టడం సులభం. ఆ పేరు పాటలో ఏ పని చేస్తున్నదో తేల్చకుండా అటువంటి తీర్పు చెప్పడం విమర్శ కాజాలదు. 1951 నుంచి 1988 వరకు వెలువడిన ఐదు అమెరికన్ గీతాలను తీసుకొని, వాటిలో కార్ల వాణిజ్యనామాలు అర్థాన్ని ఏ విధంగా నిర్మించాయో భారతీయ అలంకారశాస్త్ర పరిభాషతో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. ఆత్రేయ రచించిన ఒక తెలుగు సినిమా పాటతో పోలిక చివర చేర్చబడింది.

కీలకపదాలు: జనప్రియ గీతం, వాణిజ్యనామం, పరివృత్తి సహత్వం, రూపకాతిశయోక్తి, వ్యాజస్తుతి, ఆత్రేయ.

1. ప్రవేశిక:

ఒక చమత్కారం శబ్దాన్ని ఆశ్రయించిందా, అర్థాన్ని ఆశ్రయించిందా అని తేల్చడానికి ఆలంకారికులు ఒక కొలమానాన్ని వాడారు. పదాన్ని తీసి దాని పర్యాయపదాన్ని ఉంచినా చమత్కారం నిలిస్తే అది అర్థాశ్రయం, చెడితే శబ్దాశ్రయం. పదం మార్పును ఓర్చుకోవడాన్నే పరివృత్తి సహత్వం అంటారు. ఈ కొలమానాన్ని కార్ల పేర్లకు అన్వయిస్తే మూడు ప్రశ్నలు ఏర్పడతాయి. పేరు మార్చితే పాట నిలుస్తుందా? పేరు తొలగిస్తే నిలుస్తుందా? పేరు లేనిచోట చేర్చితే నిలుస్తుందా? ఈ మూడింటికి వచ్చే సమాధానాలను బట్టి వాణిజ్యనామం అలంకరణ మాత్రమేనా, కావ్యభాషలో భాగమా అన్నది తేలుతుంది.

2. స్తుతి:

జాకీ బ్రెన్‌స్టన్ పాడిన 'రాకెట్ 88' 1951లో మెంఫిస్‌లోని శామ్ ఫిలిప్స్ స్టూడియోలో రికార్డయింది. వాయించినది ఐక్ టర్నర్ బృందం. ఓల్డ్స్‌మొబైల్ సంస్థ 1949లో తెచ్చిన 88 మోడల్, దానిలోని 'రాకెట్' ఇంజను ఈ పాటకు ఆలంబనం. అది అచ్చమైన విలాసకారు కాకపోయినా వేగానికి పేరుపొందినది. పాట పైకి కేవలం స్తుతి. కాని పాడినవారు నల్లజాతీయులు. కాలం వర్ణవివక్ష చట్టబద్ధంగా ఉన్న కాలం. నల్లజాతి ప్రయాణికులకు ఏ ఊళ్లో బస, భోజనం దొరుకుతాయో చెప్పే 'గ్రీన్ బుక్' 1936 నుంచి వెలువడుతూ ఉన్నదంటే ఆనాటి రహదారి వారికి ఎంత ఇరుకైనదో ఊహించవచ్చు. బస్సులో వెనుక సీటు విధించిన సమాజంలో సొంత స్టీరింగు పట్టుకున్నవాని సంబరం కేవలం వస్తువ్యామోహం కాదు. ఇక్కడ పేరు పరివృత్తిని సహించదు. ఆకాశానికి దూసుకుపోయే 'రాకెట్' అన్న శబ్దంలోనే పాట కోరుకున్న వేగం, విముక్తి రెండూ ఉన్నాయి.

3. స్పర్ధ:

జాన్, డీన్ జంట పాడిన 'డెడ్ మాన్స్ కర్వ్' (1964)లో రెండు క్రీడాకార్లు పాత్రలుగా నిలిచాయి. ఒకటి అమెరికన్ కార్వెట్ స్టింగ్ రే, మరొకటి బ్రిటిష్ జాగ్వార్. పందెం ప్రమాదంతో ముగుస్తుంది. బతికినవాడు వైద్యునికి జరిగింది చెబుతాడు. వీరంగా మొదలైన కథనం భయానకంలోకి, అక్కడినుంచి కరుణంలోకి మళ్ళుతుంది. స్వదేశీ, విదేశీ అన్న వైరుధ్యం చెడనంతవరకు ఈ పేర్లను మరో రెండింటితో మార్చవచ్చు. కనుక ఇక్కడ పరివృత్తి సహత్వం పాక్షికం. జాన్ బెరీ 1966లో తన స్టింగ్ రే నడుపుతూ తీవ్ర ప్రమాదానికి గురికావడంతో ఈ పాటను భవిష్యవాణిగా చెప్పుకోవడం మొదలైంది. అది రచయిత జీవితానికి సంబంధించిన విషాదమే కాని పాటలోని అర్థం కాదు. రెండింటినీ కలిపివేస్తే పాట చేసిన హెచ్చరిక మరుగున పడుతుంది.

4. వ్యాజస్తుతి:

జానిస్ జాప్లిన్ 'మెర్సిడెస్ బెంజ్' పాటను 1970 అక్టోబరు 1న వాద్యాల తోడు లేకుండా రికార్డు చేసింది. మూడు రోజులకే ఆమె మరణించింది. 1971లో వచ్చిన 'పెర్ల్' ఆల్బమ్‌లో ఆ పాట చేరింది. స్నేహితులకు పోర్షె కార్లున్నాయి కనుక తనకు మెర్సిడెస్ ఇప్పించమని భగవంతుని వేడుకోవడం ఇందులోని వస్తువు. తరువాతి కోరికలు రంగుల టెలివిజను, ఒక రాత్రి విలాసం. భక్తిగీతపు చట్రంలో సరుకుల జాబితాను కూర్చడం వల్ల స్తుతి నిందగా పరిణమించింది. ఇది వ్యాజస్తుతి. జాప్లిన్ స్వయంగా రంగురంగుల బొమ్మలు వేయించిన పోర్షె నడిపేది. కనుక ఆ నింద తనను కూడా మినహాయించనిది.

మెర్సిడెస్ స్థానంలో అంత ఖరీదైన మరో కారు పేరున్నా వ్యంగ్యం చెడదు. పేరే లేకుండా 'మంచి కారు' అంటే మాత్రం చెడుతుంది. ఆ ప్రార్థన సామాన్యమైన అవసరంగా మారిపోతుంది. ఈ పాట పరివృత్తిని సహిస్తుంది, లోపాన్ని సహించదు. 1995లో మెర్సిడెస్ సంస్థ ఇదే పాటను తన టెలివిజన్ ప్రకటనకు వాడుకున్నది. వ్యంగ్యార్థాన్ని పక్కకు నెట్టి వాచ్యార్థాన్ని మాత్రమే వినిపించడం వల్లనే అది సాధ్యమైంది.

5. రూపకాతిశయోక్తి:

ప్రిన్స్ 'లిటిల్ రెడ్ కార్వెట్' 1982లో '1999' ఆల్బమ్‌లో వచ్చి, మరుసటి సంవత్సరం విడిగా విడుదలై, బిల్‌బోర్డ్ హాట్ 100లో 6వ స్థానానికి చేరింది. చరణాల్లో స్త్రీ కనిపిస్తుంది. పల్లవిలో ఆమె స్థానాన్ని కారు ఆక్రమిస్తుంది. ఉపమేయాన్ని మింగివేసి ఉపమానం మాత్రమే నిలవడం రూపకాతిశయోక్తి లక్షణం. సహవాద్యకారిణి లిసా కోల్మన్‌కు చెందిన మెర్క్యురీ కారులో కునుకు తీస్తున్నప్పుడు ఈ పాట తట్టిందని ప్రసిద్ధి. అయినా పాటలోకి వచ్చింది మెర్క్యురీ కాదు, కార్వెట్. 1953లో తయారైన తొలి 300 కార్వెట్లూ తెల్లనివే; పాట ఎరుపును కోరి ఎంచుకున్నది. కార్వెట్‌లో సీట్లు రెండే. సహచరుడు ఒక్కడే, ఆ ఒక్కడూ శాశ్వతం కాదు అన్న సూచన ఆ పేరులో ఇమిడి ఉంది. ఎక్కువమంది కూర్చోగల కారు పేరు పెడితే ఆ ధ్వని పోతుంది.

స్త్రీని వాహనంగా చేయడం ఆమెను సొత్తుగా చూడడమే అన్న అభ్యంతరం న్యాయమైనది. అయితే ఈ పాటలో కథకుడు కారుకు యజమాని కాడు. ఆ వేగానికి తట్టుకోలేక భయపడేవాడు, నిదానించమని వేడుకునేవాడు. అధికారం తలకిందులైంది. అంతమాత్రాన అభ్యంతరం పూర్తిగా తొలగదు. ఆమె ఎందుకు అంత వేగంగా పోతున్నదో చెప్పుకునే అవకాశం పాట ఆమెకు ఇవ్వలేదు.

6. అనామకత్వం:

ఆ అవకాశాన్ని ట్రేసీ చాప్‌మన్ 'ఫాస్ట్ కార్' (1988) ఇచ్చింది. ఇందులో కథకురాలు స్త్రీ. తాగుడుకు బానిసైన తండ్రి కోసం చదువు మానుకొని, దుకాణంలో పనిచేస్తూ, వేగంగా పోయే కారున్న సహచరునితో ఊరు విడిచి పోవాలని ఆశిస్తుంది. ఆ కారు ఏ కంపెనీదో పాట ఎక్కడా చెప్పదు. పేరు చేర్చితే శ్రోత దృష్టి ఆశ మీదినుంచి వస్తువు మీదికి పోతుంది. ఈ పాట చేర్పును సహించదు. చివరికి కారు వేగం ఆమె జీవితాన్ని మార్చదు. 'రాకెట్ 88' పాడిన విముక్తి ఎంతవరకు నిజమన్న ప్రశ్నను 37 ఏళ్ళ తరువాత మరో నల్లజాతి గొంతు వేసినట్లయింది.

7. తెలుగు పాటతో పోలిక:

'తోడికోడళ్ళు' (1957) చిత్రానికి ఆత్రేయ రాసిన, ఘంటసాల పాడిన కారు పాటలోనూ వాణిజ్యనామం లేదు. కారులో విహరించే యువతిని సంబోధిస్తూ, ఆమె సౌఖ్యాల వెనుక ఉన్న శ్రామికుల చెమటను అది గుర్తుచేస్తుంది. చాప్‌మన్ పాట కారు లోపలినుంచి లోకాన్ని చూస్తే, ఆత్రేయ పాట బయట నిలబడి కారును చూస్తుంది. పేరు లేకపోవడం వల్ల ఆ కారు ఒక కంపెనీ సరుకుగా మిగలక, ఒక వర్గానికి ప్రతీక అయింది.

8. ముగింపు:

పరిశీలించిన గీతాల్లో వాణిజ్యనామం స్తుతిగా, స్పర్ధగా, వ్యాజస్తుతిగా, అతిశయోక్తిగా పనిచేసింది. ఒకచోట దాని లేమియే అర్థవంతమైంది. కనుక పేరు ఉన్నంతమాత్రాన పాట ప్రచారం కాదు, లేనంతమాత్రాన ఉత్తమం కాదు. అయితే వాణిజ్యనామంపై కవికి పూర్తి అధికారం ఉండదు. పేరు అవసరమై, ఆ పేరునే నిందించిన జాప్లిన్ పాటను సంస్థ తన ప్రకటనగా మార్చుకోగలిగింది. పేరులేని చాప్‌మన్, ఆత్రేయల కార్లను ఏ సంస్థా తనవని చెప్పుకోలేదు. పాటల్లో వినిపించే కార్ల పేర్లను విమర్శించేటప్పుడు మార్పు, లోపం, చేర్పు అన్న ఈ మూడు పరీక్షలు జరిపిన తరువాతనే తీర్పు చెప్పడం సముచితం.