పట్టు ఒకటే, నిబంధనే వేరు

మనిషిని నేలకు దించడానికి ప్రపంచంలో ఎన్ని విద్యలు పుట్టినా, ఆ విద్యలన్నీ చేతులు వేయడానికి వెతుక్కునే చోట్లు మానవ శరీరంలో పట్టుమని పది లేవు. మెడ, చంక, మోచెయ్యి, మణికట్టు, నడుము, తొడ, మోకాలి వెనక మడత, చీలమండ అనే ఈ కొద్దిపాటి స్థానాల చుట్టూనే మట్టి గోదాలోని కుస్తీ, జపాను వారి జూడో, సుమో, రష్యా వారి సాంబో, ఒలింపిక్ మ్యాట్ మీది ఫ్రీస్టైల్, గ్రీకో రోమన్ పోటీలు అన్నీ తిరుగుతాయి. వీటిని వేర్వేరు దేశాల వేర్వేరు విద్యలుగా విడదీసి చూడటం చరిత్రకారుడికి అవసరమే గాని, పట్టు నేర్చుకునేవాడికి ఆ విభజన చాలావరకు అడ్డంకి. ఏ స్థితికి చేరితే గెలుపుగా ఒప్పుకోవాలో చెప్పే నిబంధన ఒక్కటే ఈ విద్యలను విడదీస్తున్నది.

ఈ మాటను పరీక్షించి చూడటానికి తిరువళ్లూరు జిల్లా, అందులోనూ తిరుత్తణి, పళ్లిపట్టు ప్రాంతాలు తగిన నేల. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలో భాగమై, 1953లో ఆంధ్ర రాష్ట్రంతో వెళ్లి, సరిహద్దు మధ్యవర్తి పటాస్కర్ సిఫారసుల మేరకు 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసిన తిరుత్తణి, 1997లో చెంగల్పట్టు నుంచి విడివడిన తిరువళ్లూరు జిల్లాలో నేడు భాగంగా ఉంది. ఇన్ని మార్పుల తరువాత కూడా ఆ పరిసరాల పల్లెల్లో తెలుగు, తమిళం పక్కపక్కనే వినిపిస్తాయి. కొల్హాపూరుకో హైదరాబాదు పాతబస్తీకో ఉన్నంత కుస్తీ ఖ్యాతి ఈ తాలూకాలకు లేదు. ఇక్కడ పట్టువిద్య నిలిచి ఉన్నది తెలుగువారు చెడుగుడు అనీ తమిళులు సడుగుడు అనీ పిలుచుకున్న కబడ్డీలో. ఆ ఆటను పరుగుకూ తాకుడుకూ సంబంధించినదిగానే చాలామంది లెక్కిస్తారు గాని, కూతకు వచ్చినవాడి ఒంటి మీద ప్రత్యర్థి చెయ్యి బిగిసిన క్షణం నుంచి అది మల్లవిద్యే అవుతుంది.

తమిళదేశంలో పట్టు గురించిన రాతలు చాలా పాతవి. సంగం కాలపు పురనానూరులోని 80వ పాటలో, పోరవైక్కోప్పెరునర్కిళ్లి అనే చోళుడు ఆమూరు మల్లుణ్ణి ఓడించిన తీరును సాత్తందైయార్ అనే కవి వర్ణిస్తూ, గెలిచినవాడి ఒక కాలు ప్రత్యర్థి ఛాతీని అదుమగా రెండో కాలు అతని ఎత్తును అడ్డుకుంటూ వెనక్కి చుట్టుకున్నదని చెప్పాడు. నేలమీది పోరులో కాళ్లు కూడా చేతుల్లాగే పట్టుకు పనికివస్తాయన్న సంగతి అంత పూర్వం నుంచే గమనానికి వచ్చిందని దీనివల్ల తెలుస్తుంది. ఏడో శతాబ్దపు పల్లవ రాజు మొదటి నరసింహవర్మ మహామల్లుడన్న బిరుదును ధరించగా, ఆ బిరుదే మామల్లపురం పేరులో నిలిచింది. పన్నెండో శతాబ్దంలో కళ్యాణి చాళుక్యుడైన మూడో సోమేశ్వరుడు తన మానసోల్లాసంలో మల్లవినోదం కోసం ప్రత్యేకంగా ఒక భాగాన్ని కేటాయించి, మల్లుల తరగతులను, వారి సాధనను, ఆహారాన్ని వివరించాడు.

విజయనగరాన్ని 1520 ప్రాంతంలో చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాసిన వివరం సాంకేతికంగా మరీ విలువైనది. కృష్ణదేవరాయలు తెల్లవారకముందే నువ్వుల నూనె తాగి, ఒళ్లంతా అదే నూనె పట్టించుకుని, బరువులెత్తి, తాగిన నూనె అంతా చెమటగా బయటికి పోయేదాకా కత్తిసాము చేసి, ఆ తరువాతే తన మల్లుల్లో ఒకడితో కుస్తీ పట్టేవాడని పేస్ చెబుతాడు. నూనె రాసిన ఒంటి మీద చెయ్యి జారుతుంది కాబట్టి సాముకూ పట్టుకూ మధ్య ఉన్న ఈ వరసలో కేవలం దినచర్యే కాక శాస్త్రం కూడా ఉందనుకోవచ్చు. మట్టి గోదాలో దిగే పహిల్వాన్లు ఒకరి ఒంటి మీద ఒకరు మట్టి చల్లుకోవడం వెనక ఉన్న కారణాల్లో కూడా ఇదొకటి. ఇక ఎడ్గార్ థర్స్టన్ 1909లో వెలువరించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథం జెట్టీలను తెలుగు మల్లుల కులంగా పేర్కొంటూ, తంజావూరులో తమిళుల నడుమ ఉంటూనే వారు తెలుగు మాట్లాడేవారనీ, రాజుల కాలంలో ఖజానాకూ నగల గదులకూ కాపలా కాసేవారనీ, తెలుగు జిల్లాల్లోనైతే నరాల నొప్పులకు మర్దనా చేసి లేపనాలు రాసేవారనీ నమోదు చేసింది. కీలు ఎటు వంగుతుందో, ఎటు వంగదో తెలిసినవాడికే దాన్ని బిగించడమూ సరిచేయడమూ రెండూ సాధ్యమవుతాయి గనుక, మల్లుడూ మర్దనకారుడూ ఒక్కరే కావడంలో వింత లేదు.

పడగొట్టే క్రియలో మూడు దశలు ఉంటాయి. మొదటిది తూకం చెదరగొట్టడం, అంటే నిలబడ్డవాడి బరువును అతని రెండు పాదాల మధ్య ఉన్న ఆధారం నుంచి పక్కకు తప్పించడం. జూడోవారు దీనినే కుజుషి అంటారు. రెండోది చొరబడటం, అంటే అతని చేతుల అడ్డును దాటి ఒంటికి దగ్గర కావడం. మూడోది ముగింపు, అంటే చెదిరిన బరువును తిరిగి కుదురుకోనివ్వకుండా నేలకు చేర్చడం. కండబలం మీదనే ఆధారపడేవాడు ఈ మూడింటిలో చివరిదాన్నే సాధన చేసి మొదటి రెండింటినీ వదిలేస్తాడు, అందుకే తనకంటే బరువైనవాడు ఎదురైనప్పుడు నిలవలేకపోతాడు.

కబడ్డీలో మూలన నిలిచే ఆటగాడి చీలమండ పట్టు ఈ మూడు దశలకూ చక్కని ఉదాహరణ. కూతకు వచ్చినవాడు కాలు చాచి బోనస్ గీత దాటబోయినప్పుడు అతని బరువంతా వెనక కాలి మీద ఉంటుంది కాబట్టి, తూకాన్ని చెదరగొట్టే పని అతనే చేసి పెట్టినట్లవుతుంది. మూలనున్నవాడు ఒక్కసారిగా కిందికి వంగి, చాచిన కాలి చీలమండను రెండు చేతులా అందుకుని, తన ఒంటికి హత్తుకుని వెనక్కి లాగుతాడు. ఫ్రీస్టైల్ మల్లుడు కూడా ప్రత్యర్థి మెడ మీద ఒక చెయ్యి వేసి బరువును ముందుకాలి మీదికి రప్పించి, అదే చీలమండను రెండో చేత్తో అందుకుంటాడు. తొడ పట్టుకు మల్లరంగంలో ఒంటికాలి పట్టు, నడుము పట్టుకు వెనక నుంచి చుట్టే బిగింపు సరితూగుతాయి. చేతులు కలిపి అడ్డుగా నిలిచిన రక్షకుల గొలుసు కిందినుంచి రైడర్, అంటే కూతకు వచ్చినవాడు, దూరి బయటపడే డుబ్కీకి, ప్రత్యర్థి చంక కింద తల దూర్చి వెనక్కి చేరే బగల్‌డూబ్‌కు ఉన్న చుట్టరికం చూసినవారికి వెంటనే తెలుస్తుంది. ప్రొ కబడ్డీలో పర్‌దీప్ నర్వాల్‌కు పేరు తెచ్చిన డుబ్కీలో, మోకాళ్లు వంగడం, బరువు పాదాల ముందు భాగానికి మారడం రెండూ మల్లుడికి మొదటి రోజుల్లోనే నేర్పే పాఠాలు.

చేతులను ఒకదానితో ఒకటి బిగించే తీరులో కూడా ఈ ఏకత్వం ఉంది. నడుమును చుట్టినప్పుడు వేళ్ల మధ్య వేళ్లు దూర్చి బిగించవద్దని అన్ని విద్యల గురువులూ చెబుతారు, ఎందుకంటే ప్రత్యర్థి మెలితిరిగితే ముందు దెబ్బతినేవి ఆ వేళ్లే. అరచేతిని అరచేతికి ఆనించి బొటనవేలిని పక్కకు మడిచి బిగించే పట్టు, 1972 ఒలింపిక్ విజేత డాన్ గేబుల్ పేరు మీద గేబుల్ పట్టుగా మల్లరంగంలో స్థిరపడి, అక్కడినుంచి బ్రెజిలియన్ జియుజిత్సులోకీ వెళ్లింది. కబడ్డీలో ఇద్దరు రక్షకులు గొలుసుగా నిలిచేటప్పుడు ఒకరి చేతిని ఒకరు అందుకునే పద్ధతిని సరిదిద్దే శిక్షకుడికి కూడా ఈ సూత్రమే పనికివస్తుంది.

విద్యలు ఒకదాని నుంచి ఒకటి తీసుకున్నాయనడానికి జూడో వ్యవస్థాపకుడి సాక్ష్యమే చాలు. 1882లో కోడోకాన్ స్థాపించిన జిగొరో కానో, విద్యార్థి దశలో ఫుకుషిమా అనే బలశాలిని ఎంతకూ పడగొట్టలేక సుమో పట్లు ప్రయత్నించి, అవీ పారకపోవడంతో గ్రంథాలయంలో పాశ్చాత్య కుస్తీ పుస్తకం తిరగేసి, ప్రత్యర్థిని భుజాల మీద అడ్డంగా ఎత్తి వేసే ఒక ఎత్తును అందులోంచి తీసుకున్నాడు. జూడోలో కతగురుమ అన్న పేరుతో నిలిచిన ఆ ఎత్తే మన కుస్తీలో కలాజంగ్. అలాగే చేతిని భుజం మీదుగా లాగి, నడుము కింద నడుము పెట్టి విసిరే ధోబీపాట్‌కు జూడోలో సెయొనగె సమానం. జూడో ఆటగాడు మెడపట్టీనీ చొక్కా చేతినీ పట్టుకుంటే, లంగోటా తప్ప ఒంటి మీద బట్టలేని పహిల్వాను చంకకు దగ్గరగా జబ్బను పట్టుకుంటాడు. తేడా అంతా చేతివేళ్ల దగ్గరే ఆగిపోతుంది, నడుము, మోకాళ్లు, పాదాలు చేసే పని మాత్రం మారదు.

అయితే ఇంత పోలిక ఉన్న విద్యల్లో సాధకులు ఒకరి రంగంలో ఒకరు తడబడటానికి కారణం గెలుపు నిర్వచనమే. కుస్తీలోనూ ఫ్రీస్టైల్‌లోనూ ప్రత్యర్థి రెండు భుజాలూ నేలకు తాకిస్తే గెలుపు. జూడోలో వేగంతో, బలంతో, అదుపుతో వెల్లకిలా విసిరితే పోటీ అక్కడే ముగుస్తుంది. సాంబోలో తాను నిలబడి ఉండి ఎదుటివాణ్ణి వెల్లకిలా పడేస్తే సంపూర్ణ విజయం. సుమోలో పాదాలు తప్ప ఒంట్లో ఏ భాగం నేలను తాకినా, వలయం దాటినా ఓటమే. గ్రీకో రోమన్‌లో నడుము కింద పట్టే నిషిద్ధం. కబడ్డీలో బోర్లా పడ్డాడా వెల్లకిలా పడ్డాడా అన్న ప్రశ్నే రాదు, కూత ఆగేలోగా రైడర్ వేలికొన మధ్యగీతను తాకకపోతే చాలు. తాకిందా, పట్టుకున్నవారంతా అవుట్. అందువల్ల కబడ్డీలో పడగొట్టే దిక్కుకు ఉన్న విలువ పడ్డాక ఉండే భంగిమకు లేదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో యోగేశ్వర్ దత్‌కు కాంస్యం తెచ్చిన ఫితలే అనే ఎత్తు, కిందపడ్డవాడి రెండు చీలమండలనూ ఒకదానిపై ఒకటి వేసి బిగించి వరసగా దొర్లించేది; అంటే కబడ్డీ ఆటగాడు చీలమండ దొరకగానే పని పూర్తయిందనుకుంటే, ఫ్రీస్టైల్ మల్లుడికి పాయింట్ల పంట అక్కడే మొదలవుతుంది.

నిషేధాల్లో కూడా ఈ విద్యలు కలుస్తాయి, విడిపోతాయి. రెండు కాళ్లను కత్తెరలా వేసి ప్రత్యర్థి కాళ్లను చుట్టి పడగొట్టడం కబడ్డీలో ఫౌల్. జూడోలో అదే కనిబసమి. 1980లో ఆ ఎత్తు వల్ల జూడో ఆటగాడు యసుహిరొ యమషిత కాలి ఎముక విరిగింది, నేడు జూడో పోటీల్లో దానికి అనుమతి లేదు. సాంబో మాత్రం దాన్ని నిలుపుకున్నది. ప్రమాదాన్ని చూసి పెట్టిన ఇటువంటి నిషేధాన్ని తప్పుపట్టలేం. కాని అంతర్జాతీయ జూడో సమాఖ్య 2010లో మొదలుపెట్టి 2013 నాటికి నిలబడ్డవాడి కాళ్లను చేతులతో పట్టుకోవడాన్నే పూర్తిగా తొలగించడం వేరే తరహా నిర్ణయం. ప్రమాదం కంటే జూడో రూపాన్ని కుస్తీ నుంచి వేరుగా చూపాలన్న కోరిక అందులో ఎక్కువగా కనిపిస్తుంది. దాని ఫలితంగా కానో స్వయంగా తెచ్చిన కతగురుమ పాత రూపంలో పోటీల్లో వాడటానికి వీల్లేకుండా పోయింది. నిబంధన విద్యకు హద్దు గీయవచ్చు గాని, ఆ హద్దు అవతల ఉన్నదాన్ని విద్యార్థి మరిచిపోయేలా చేస్తే నష్టపోయేది విద్యే.

ఈ చర్చ తిరుత్తణి, తిరువళ్లూరు పాఠశాలలకు నేరుగా వర్తిస్తుంది. చెడుగుడులో మూలన నిలిచి చీలమండ పట్టడం నేర్చిన పిల్లవాడు ఫ్రీస్టైల్‌కు కావలసిన మొదటి పట్టును అప్పటికే సగం నేర్చి ఉన్నాడు. అతనికి లేనిది పడ్డాక ఏం చేయాలన్న శిక్షణ, క్షేమంగా ఎలా పడాలన్న శిక్షణ. వీరఘట్టానికి చెందిన కోడి రామ్మూర్తి నాయుడు మద్రాసులో వ్యాయామ శిక్షణ పొంది విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడిగా పని చేసిన తరువాతే దేశమెరిగిన మల్లుడయ్యాడన్న సంగతి, బడిలోని ఆటల పీరియడ్‌కు ఎంత శక్తి ఉందో చెబుతుంది. కబడ్డీ శిక్షకులు గడ్డం ఛాతీకి ఆనించి, అరచేతులతో నేలను చరుస్తూ పడే జూడో పద్ధతిని ముందుగా నేర్పాలి. ఆ తరువాత చీలమండ, తొడ, నడుము పట్లను కుస్తీవారి ముగింపులతో కలిపి సాధన చేయించాలి. కత్తెర వంటి నిషిద్ధాలు ఎందుకు నిషిద్ధాలో కారణంతో సహా చెప్పాలి. ఇందుకు కొత్త కట్టడాలు అక్కర్లేదు, మెత్తని మట్టి తవ్విన చదరమో నాలుగు మ్యాట్లో, కుస్తీ తెలిసిన ఒక మనిషీ ఉంటే చాలు. జిల్లాలోని పాఠశాలల యాజమాన్యాలు, కబడ్డీ సంఘాలు వచ్చే సంక్రాంతి పోటీలలోగా ఈ పని మొదలుపెట్టాలి.