ముక్కు పుల్ల పట్టే చెయ్యి

ఫ్లూ మీద ప్రపంచ నిఘా అంతా ఒక సన్నని పుల్లతో మొదలవుతుంది. 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం, దగ్గు ఉండి, జబ్బు మొదలై 10 రోజులు దాటని రోగి ముక్కులోంచి, గొంతులోంచి ల్యాబ్ టెక్నీషియన్ నమూనా తీస్తారు. చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, కాదు. పుల్ల చివర పాలిస్టరో నైలానో ఉండాలి. దూది చుట్టిన చెక్కపుల్ల పీసీఆర్ పరీక్షను చెడగొట్టవచ్చు. దాన్ని పైకి పొడవకుండా, అంగిలికి సమాంతరంగా లోపలికి పోనిచ్చి, కొన్ని సెకన్లు ఉంచి, మెల్లగా తిప్పుతూ తీయాలి. పెద్దవాళ్లకైనా కళ్లనీళ్లు తిరుగుతాయి. పసిపిల్లలు గింజుకుంటారు. అయినా చెయ్యి తొణకకూడదు. పుల్లను ద్రవమున్న గొట్టంలో విరిచి, మూత బిగించి, లేబుల్ అంటించి, 2–8 డిగ్రీల చల్లదనంలో పంపాలి. లేబుల్ తప్పితే నమూనా ఎంత బాగున్నా దండగే.

1952లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నెలకొల్పిన నిఘా వ్యవస్థకు ముడిసరుకు ఈ గొట్టాలే. 120కి పైగా దేశాలు ఇందులో ఉన్నాయి. మన దేశం నుంచి పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ ఉంది. ఏటా ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి టీకాలో ఏ రకాలుండాలో నిపుణులు సూచిస్తారు.

2020 మార్చి తర్వాత బి/యమగాట అనే ఫ్లూ వైరస్ రకం సహజంగా వ్యాపిస్తున్న దాఖలా ఎక్కడా దొరకలేదు. ఒక వైరస్ లేదని చెప్పాలన్నా ఎన్నో ముక్కుల్లో వెతకాల్సిందే. ఎవరూ పట్టించుకోని నెగటివ్ ఫలితాలకు ఇక్కడే విలువ. 2023 సెప్టెంబరులో ఆ రకాన్ని టీకాలోంచి తీసేయమని సలహా వచ్చింది. 2024–25 సీజన్ నుంచి అమెరికాలో ఫ్లూ టీకాలన్నీ మూడు రకాలవే.