వెలుతురుకు ఒక సందు: తడావో అండో కట్టడములు

ఆర్మూరు ప్రాంతపు రైతుకు వెలుతురుతో రెండు విధములైన వ్యవహారము ఉన్నది. ఉడికించిన పసుపు కొమ్ములను పది పదిహేను దినములు ఎండలో ఆరబెట్టును. ఎండిన పిమ్మట అదే సరుకును గోనె సంచులకెత్తి చీకటి కొట్టులో దాచును. పసుపునకు వన్నె తెచ్చు కుర్కుమిన్ అను పదార్థము వెలుతురు సోకినచో క్రమముగా విచ్ఛిన్నమై రంగు వెలిసిపోవును. కనుక వెలుతురును ఎంతవరకు రానీయవలెను, ఎక్కడ ఆపవలెను అను ప్రశ్న ఈ ఊరివారికి కొత్తది కాదు. జపాను వాస్తుశిల్పి తడావో అండో జీవితమంతయు ఈ ప్రశ్నతోనే పెనుగులాడినాడు.

ఈతడు 1941లో ఒసాకాలో జన్మించెను. కొంతకాలము ముష్టియుద్ధము చేసినాడు. వాస్తుకళను ఏ కళాశాలలోను చదువలేదు. అయినను 1995లో ప్రిట్జ్‌కర్ బహుమానమును పొందినాడు. ఒసాకా జిల్లా ఇబరాకిలో 1989లో ఈతడు పూర్తిచేసిన 'వెలుగు చర్చి' చూపునకు వట్టి కాంక్రీటు పెట్టె. పూత లేదు, శిల్పము లేదు. 15 డిగ్రీల వాలుగా ఒక గోడ ఆ పెట్టెను కోసికొని పోవును. బల్లలు పరంజా చెక్కలతో చేసినవి, డబ్బు తక్కువ. బలిపీఠము వెనుక గోడలో నిలువుగా ఒకటి, అడ్డముగా ఒకటి సందులు విడిచినారు. శిలువ అనగా ఆ ఖాళీయే.

ఆ సన్నని సందు అంత ప్రకాశముగా తోచుటకు కారణము కంటిలో ఉన్నది. నడిమధ్యాహ్నపు ఎండ సుమారు లక్ష లక్స్‌లు. ఇంటి గదికి కొన్ని వందలు చాలును. కన్ను వెలుతురును కొలవదు, పక్కనున్న చీకటితో పోల్చి చూచును. వంటింటి కప్పులో ఒకే ఒక అద్దపు పెంకు ఉన్నచో పొగలో కిరణము కర్రవలె నిలుచుట ఎవరు చూడలేదు? ఆర్మూరు నవనాథ సిద్ధుల గుట్టపై నల్లరాళ్ల నడుమ దూరి నడచినవారికి చర్చి రహస్యము సగము తెలిసినట్లే.

అయితే అండో వెలుతురు కొరకు మనుషులను కష్టపెట్టును. 1976 నాటి సుమియోషి ఇల్లు వెడల్పు 3 మీటర్లకు కొంచెము ఎక్కువ, పొడవు 14 మీటర్లు. దానిని మూడు భాగములు చేసి నడిమి భాగమును ఆకాశమునకు విడిచినాడు. వానలో ఒక గదినుండి మరియొక గదికి గొడుగుతో పోవలెను! తెలంగాణ భవంతి ఇంటిలోను నడుమ ఆకాశమే. కాని చుట్టును పెంకుల వసారా ఉండును. వాన వాకిటిలో పడును, మనిషి తడవడు. ఈ విషయమున భవంతి కట్టిన మేస్త్రియే తెలివైనవాడు. కాని అంత ఇరుకు స్థలములో నాలుగు వసారాలు పట్టవు. అందులో మూడవవంతును ఆకాశమునకిచ్చిన సాహసమును మెచ్చుకొనక తప్పదు.

చర్చి సందులకు అద్దము వద్దని అండో పట్టు. చలికి తాళలేని భక్తుల కొరకు అద్దము బిగించినారు. 2017లో టోకియో జాతీయ కళాకేంద్రములో జరిగిన ప్రదర్శనలో ఈతడు అదే చర్చిని నిజపరిమాణములో అద్దము లేకుండ కట్టి తన కోరిక తీర్చుకొన్నాడు. ప్రదర్శన చూడవచ్చినవాడు కొద్దిసేపు నిలుచును. భక్తుడు ప్రతి శీతకాలమును అక్కడ కూర్చుండవలెను. అద్దము అడిగినవారికి రసికత లేదనుట అన్యాయము.

ఇప్పుడు మన పట్టణములలోను పూత లేని కాంక్రీటు గోడ ముచ్చటగా మారినది. 40 డిగ్రీలు దాటు ఆర్మూరు వేసవిలో అట్టి గోడ పగలెల్ల వేడిని తాగి రాత్రి గదిలోనికి కక్కును. అనుకరించువారు గోడ రంగును మాత్రము తెచ్చుకొని, సందును విడిచిపెట్టి, పెద్ద కిటికీ పెట్టి దానికి మందపు తెర వేయుచున్నారు. సందును తెచ్చుకొన్నను కొలత మారవలెను. ఒసాకాలో డిసెంబరు మధ్యాహ్నపు సూర్యుడు దిక్చక్రమునకు సుమారు 32 డిగ్రీల ఎత్తున ఉండగా, ఆర్మూరులో 48 డిగ్రీల ఎత్తున ఉండును. జూన్‌లో ఒసాకా సూర్యుడు నడినెత్తికి దక్షిణముగానే నిలుచును. ఆర్మూరులో నడినెత్తిని దాటి కొంచెము ఉత్తరమునకు జరుగును. అక్కడ ఏడాది పొడుగున మధ్యాహ్నపు ఎండ దూరు దక్షిణపు సందులో ఇక్కడ ఆ దినములలో ఎండపొడ పడదు. తరగతి గది నేలమీద ఎండమచ్చకు గంటగంటకు సుద్దముక్కతో గీత గీసిన విద్యార్థికి ఈ జరుగుబాటు కంటికి కనబడును.