బండి ఎత్తు, ఇరుసు కీలు

విశాఖపట్నం పాతనగరంలోని పూర్ణా మార్కెట్ సందుల్లో సరుకు దించుకొనే పికప్ వాహనాలను వెనుక నుంచి గమనిస్తే, ఒకే కంపెనీ ఒకే నమూనాలో తయారుచేసిన రెండు బండ్లు రెండు వేర్వేరు ఎత్తుల్లో నిలబడి ఉండటం కనిపిస్తుంది. ఒకదాని కమాన్ కట్టలు, అంటే లీఫ్ స్ప్రింగులు, ఏళ్ల తరబడి బస్తాలు మోసి దిగిపోయి ఉంటాయి; మరొకదానికి యజమాని అదనంగా ఒకటి రెండు పట్టీలు వేయించి ఉంటాడు. బండి ఎత్తు పెంచడమనేది ఈమధ్య థార్, జిమ్నీ వంటి జీపులు కొన్నవారి ముచ్చటగా పేరుపడింది గానీ, మన్యం ఘాట్లలో బరువు ఎక్కించి దించే బండ్లున్న చోట అది జీవనాధారంతో ముడిపడిన పని, మెకానిక్కులు చేతి అలవాటుగా ఒకరి నుంచి ఒకరు నేర్చుకొంటూ వచ్చిన పని. బండిని రెండు అంగుళాలు లేపడం ఒక పూటలో అయిపోతుంది. లేచిన తరువాత ఇరుసుకు శక్తిని చేరవేసే కీళ్లు ఏ కోణంలో తిరుగుతున్నాయో చూసుకోవడంలోనే పనివాడి నేర్పు తెలుస్తుంది.

ఇంజను, గేరుబాక్సు ఛాసిస్‌కు బిగించి ఉండగా చక్రాలు రోడ్డును బట్టి పైకీ కిందికీ ఆడుతుంటాయి కనుక, ఈ రెండింటినీ కలిపే ప్రొపెల్లర్ షాఫ్టు తిరుగుతూనే వంగాలి, అవసరాన్ని బట్టి పొడవు పెరగాలి, తగ్గాలి. జీపుల్లో, పికప్‌లలో వంపు సంగతి చూసుకొనేది మెకానిక్కులు ‘క్రాస్’ అని పిలిచే కూడిక గుర్తు ఆకారపు కీలు. పొడవు సంగతి చూసుకొనేది పళ్లు కోసిన ఒక గొట్టం మరొకదానిలో జారే స్లిప్ జాయింటు. పదహారో శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో పేరు, పదిహేడో శతాబ్దపు ఆంగ్ల శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ పేరు మోస్తున్న ఈ క్రాస్ కీలుకు పుట్టుకతోనే ఒక లోపం ఉంది. అది వంగి తిరిగేటప్పుడు ఇటువైపు షాఫ్టు ఎంత నిలకడగా తిరిగినా, అటువైపు షాఫ్టు ప్రతి చుట్టులోనూ రెండుసార్లు వేగం పుంజుకొని రెండుసార్లు మందగిస్తుంది. వంపు 10 డిగ్రీలైతే ఈ హెచ్చుతగ్గు అటూ ఇటూ ఒకటిన్నర శాతం ఉంటుంది. 20 డిగ్రీలైతే ఆరు శాతం దాటుతుంది, అంటే వంపు రెట్టింపైతే కుదుపు నాలుగింతలవుతుంది. ఎత్తు పెంచిన బండి ఒక వేగం దగ్గర నేలతో సహా వణకడానికి, క్రాసులోని సూది బేరింగులు త్వరగా అరగడానికి మూలం ఇక్కడే ఉంది.

తయారీదారులు ఈ లోపాన్ని షాఫ్టుకు రెండు చివరలా రెండు క్రాసులు పెట్టి సరిచేశారు. రెండు వైపులా కోణాలు సమానంగా ఉండి, క్రాసులను పట్టుకొనే రెండు యోకులు ఒకే వరసలో అమరితే, మొదటి కీలు తెచ్చిన హెచ్చుతగ్గును రెండోది చెరిపేస్తుంది. ఎత్తు కోసం పొడవాటి షాకిల్ వేసినప్పుడు చెడేది సరిగ్గా ఈ సమానత్వమే. కమాన్ కట్ట వెనుక చివరను ఛాసిస్‌కు వేలాడదీసే ఇనుప లింకును షాకిల్ అంటారు; దాన్ని పొడవు చేస్తే కట్ట వెనుక కొస కిందికి దిగి, దానితోపాటు వెనుక ఇరుసును కప్పి ఉంచే హౌసింగ్ కూడా తిరిగి, షాఫ్టు వచ్చి కలిసే పినియన్ ముక్కు పైకి లేస్తుంది. దీనికి విరుగుడుగా అనుభవజ్ఞులు కమాన్ కట్టకూ హౌసింగ్‌కూ నడుమ ఏటవాలుగా చెక్కిన ఉక్కు పలకను పెట్టి, యూ బోల్టులు బిగించి, పినియన్‌ను తిరిగి గేరుబాక్సు కోణానికి సమం చేస్తారు. కొలవడానికి పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. అయస్కాంతంతో అంటుకొనే కోణమానిని గానీ, సెల్‌ఫోన్‌లోని లెవెల్ గానీ చాలు. స్లిప్ జాయింటు ఎంత బయటికి వచ్చిందో తెలుసుకోవడం ఇంకా తేలిక: పని మొదలుపెట్టే ముందు జారే భాగం మీద సుద్దముక్కతో గీత గీసి, పని ముగిశాక ఆ గీత ఎంత దూరం జరిగిందో చూస్తారు. పళ్లు పట్టుకొన్న మేర సగానికి తగ్గితే, ఆ బండికి పొడవాటి షాఫ్టు కావాలని అర్థం.

ఈ కొలతలను బండి ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, సరుకు వేశాక ఒకసారి తీయడం సరుకు బండ్ల విషయంలో తప్పనిసరి. లోడుతో మార్కెట్‌కు వచ్చిన బండి కట్టలు చదునుగా అణగి, షాఫ్టు కోణం దాదాపు కంపెనీ ఇచ్చినట్టే ఉంటుంది. అదే బండి సరుకు దించేసి ఖాళీగా తిరుగుముఖం పట్టినప్పుడు వెనుక భాగం లేచి, కోణం అన్నిటికంటే ఎక్కువవుతుంది. బరువు మోసేటప్పుడే కీళ్లు పాడవుతాయని చాలామంది డ్రైవర్లు నమ్ముతారు గానీ, ఎత్తు పెంచిన పికప్‌లో వంపు వల్ల కలిగే అరుగుదల మొదలయ్యేది ఖాళీ ప్రయాణంలోనే. కట్టలు దిగిపోయిన బండికి కొత్త ఎత్తు కంటే పోగొట్టుకొన్న ఎత్తును తిరిగి ఇవ్వడం మేలైన వైద్యం. దిగిపోయిన పట్టీలను విప్పి, రెండు ఆనుల మీద ఉంచి, కొద్దికొద్దిగా జరుపుతూ చల్లగానే వంచి పాత వంపు తెస్తారు. కింది పట్టీకి పై పట్టీ కంటే కాస్త ఎక్కువ వంపు ఉంచితే సెంటర్ బోల్టు బిగించినప్పుడు అన్నీ ఒకదానినొకటి అదిమి పట్టుకొంటాయి. గ్యాసు మంటతో కాల్చి వంచే తొందరపాటు మాత్రం క్షమించరానిది: స్ప్రింగు ఉక్కుకు ఇచ్చిన పదును ఆ వేడికి పోయి, పట్టీ కొద్ది నెలల్లోనే మళ్లీ కూలబడుతుంది, లేదా అక్కడే విరుగుతుంది.

ముందు చక్రాలు దేనికదే స్వతంత్రంగా ఆడే బండ్లలో కథ వేరు. అక్కడ డిఫరెన్షియల్ ఛాసిస్‌కు బిగిసి ఉండి, రెండు పొట్టి షాఫ్టులు చక్రాలకు శక్తినిస్తాయి. ఒక్కో షాఫ్టుకు రెండు చివరలా సీవీ జాయింట్లు, అంటే ఎంత వంగినా వేగం చెదరని కీళ్లు ఉంటాయి. ఉక్కు గోళీలు, వాటిని పట్టి ఉంచే పంజరం కలిగిన బయటి కీలును 1920లలో ఆల్ఫ్రెడ్ జెప్పా అనే ఇంజనీరు రూపొందించగా, మన వీధి మెకానిక్కులకు అది విస్తారంగా పరిచయమైంది 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800తో. 2020లో వచ్చిన థార్ ముందు ఇరుసుదీ ఇదే పద్ధతి. బయటి కీలు సుమారు 45 డిగ్రీల వరకు వంగినా, డిఫరెన్షియల్ వైపు ఉండే లోపలి కీలు సాధారణంగా దానిలో సగమే భరిస్తుంది.

ఇక్కడ ఎత్తు పెంచే మార్గాలు రెండు, వాటి ఫలితాలు ఒకటి కావు. గట్టి స్ప్రింగు వేస్తే బండి నిలిచే ఎత్తు పెరుగుతుంది గానీ, షాక్ అబ్జార్బర్ పొడవు మారదు కనుక చక్రం కిందికి దిగే చివరి హద్దు పాతదే ఉంటుంది. స్ప్రింగు, షాక్ కలిసిన స్ట్రట్ నెత్తిన స్పేసర్ పెడితే ఆ హద్దే కిందికి జరుగుతుంది. పైగా స్ట్రట్ చక్రానికి ఇవతల, చక్రాన్ని మోసే ఆర్మ్ నడుమ ఆనుకొని ఉంటుంది గనుక, ఒక అంగుళం స్పేసర్‌కు చక్రం దగ్గర రెండంగుళాల దాకా తేడా వస్తుంది. బొర్రా దగ్గర కటికి జలపాతం దారివంటి రాళ్లబాటలో ఒక చక్రం గుంతలోకి వేలాడి, స్టీరింగు పూర్తిగా తిరిగి, తక్కువ గేరులో ఇంజను బలమంతా పడినప్పుడు, చదును రోడ్డు మీద ఏ లోపమూ చూపని కీలు ఆ క్షణంలో పగులుతుంది. అందువల్ల స్పేసర్ వేసేవారు డిఫరెన్షియల్‌ను కూడా బ్రాకెట్లతో కొంత దించడం, లేదా చక్రం దిగుదలకు పట్టీతో హద్దు పెట్టడం అవసరం. ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి, చక్రాలను గాలిలో వేలాడదీసి, స్టీరింగును ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పుతూ చక్రాన్ని చేత్తో తిప్పి చూస్తే, ఎక్కడ పట్టేస్తోందో, రబ్బరు బూటు మడతలు ఎక్కడ ఒకదానినొకటి రాసుకొంటున్నాయో వేళ్లకే తెలుస్తుంది.

బిగించే సమయంలో జరిగే నష్టమూ తక్కువేమీ కాదు. పై ఆర్మ్ విప్పగానే హబ్‌ను వదిలేస్తే, దాని బరువు షాఫ్టు మీద పడి లోపలి కీలు తన గిన్నెలోంచి ఊడివస్తుంది. ముందుగానే హబ్‌ను తీగతో ఛాసిస్‌కు కట్టడం, బ్రేకు కాలిపర్‌ను గొట్టానికి వేలాడనివ్వకపోవడం మంచి పనివాళ్ల అలవాటు. ఆర్మ్ బుష్షుల బోల్టులను చక్రాలు నేలను తాకి బండి బరువు పడిన తరువాతే చివరి బిగింపు బిగించాలి, లేకుంటే బుష్షు రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి చిరిగిపోతుంది. సముద్రపు గాలి తగిలే విశాఖలో బూటు క్లిప్పులు త్వరగా తుప్పు పడతాయి. క్లిప్పు సడలితే గ్రీజు బయటికి చిమ్మి, ఇసుక లోపలికి చేరుతుంది.

సస్పెన్షన్ ఎత్తు పెంచినంత మాత్రాన వెనుక ఇరుసు హౌసింగ్ నేల నుంచి ఒక్క గీత కూడా లేవదని, దాన్ని లేపేది టైరు సైజు ఒక్కటేనని, పెద్ద టైరు కీళ్ల మీద భారాన్ని మరింత పెంచుతుందని యజమానికి ముందే చెప్పడం మెకానిక్కు బాధ్యత. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ కంపెనీ నిర్దేశించిన వివరాలకు భిన్నమైన మార్పులను నిషేధిస్తోందని, 2019లో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా సమర్థించిందని కూడా చెప్పాలి. అన్నీ విన్నాక యజమాని ఒప్పుకొన్న కొద్దిపాటి ఎత్తుకైనా, మొదటి కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక బండిని మళ్లీ రప్పించి, యూ బోల్టులు బిగించి, చక్రం లోపలి అంచున గ్రీజు చారలున్నాయేమో చూసి, పూర్తిగా తిప్పిన మలుపులో ‘టక్ టక్’ మంటోందేమో విని, కోణాలను ఇంకోసారి కొలిచి పంపుతారు.