తప్పులు పట్టే సాధనంలోని తప్పులు: ‘ఎల్‌ఎల్‌ఓవీ’ – ఒక విమర్శ

సాగర్ కుడికాలువ ఆయకట్టులోని రొంపిచెర్ల ప్రాంతంలో నీరు వదలకముందే రైతు పంటబోదె వెంట నడిచి, గండిపడే చోటును చూసుకొంటాడు. ప్రోగ్రామును నడపకుండా, దాని పాఠాన్ని చదివి దోషాలను గుర్తించే స్థిర విశ్లేషణ ఇటువంటి ముందుచూపే. బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ 1978లో సి భాషకు రూపొందించిన ‘లింట్’ ఈ సాధనాలలో తొలితరానిది. బట్టకు పట్టిన నూగు అని ఆ పేరుకు అర్థం. పత్తి పండే పల్నాడులో లింటంటే విలువైన దూది కావడం వేరే సంగతి.

తెలుగునేలపై ఈ రంగంలో జరిగిన కృషికి ఐఐటీ హైదరాబాదులో రూపొందిన ‘ఎల్‌ఎల్‌ఓవీ’ ఉదాహరణ. ఉత్పల్ బోరా, రామకృష్ణ ఉపద్రష్ట తదితరుల పరిశోధనపత్రం 2020లో వెలువడింది. ఓపెన్‌ఎంపీ ప్రోగ్రాములలో రెండు థ్రెడ్లు ఒకే మెమరీ స్థానాన్ని వరుస నియమం లేకుండా వాడుతూ, వాటిలో ఒకటైనా అక్కడ విలువను మారుస్తుంటే అది ‘డేటా రేస్’. ఒకసారి నడిపితే కనబడి మరోసారి మాయమయ్యే ఈ దోషం మామూలు పరీక్షలకు సులువుగా చిక్కదు. ఎల్‌ఎల్‌ఓవీ ఎల్‌ఎల్‌వీఎం కంపైలరు మధ్యంతర రూపంపై పనిచేస్తుంది కనుక సి, ఫోర్ట్రాన్ భేదం దానికి అడ్డు కాదు.

రేస్ ఉన్నదని హెచ్చరించడంతో ఆగక, లేదని నిర్ధారించగలగడం దీని విశిష్టతగా రచయితలు పేర్కొన్నారు. విమర్శ నిలవవలసిన చోటు ఇదే. లేని దోషాన్ని చూపితే ప్రోగ్రామరుకు ఒక పూట వృథా అవుతుంది. ఉన్న దోషాన్ని లేదని ధ్రువీకరిస్తే అతడు వెతకడమే మానేస్తాడు. ఈ రెండింటినీ ఒకే తూకంలో వేయరాదు. పత్రంలో వాడిన కొలతల్లో ఒకటైన ఎఫ్1 మాత్రం, చూపిన దోషాలలో నిజమైనవెన్ని, ఉన్న దోషాలలో పట్టుబడినవెన్ని అన్న ప్రశ్నలకు సమాన ప్రాధాన్యమిస్తుంది. హెచ్చరించే సాధనానికి అది సరిపోవచ్చు. ధ్రువపత్రమిచ్చే సాధనానికి చాలదు.

నిర్వహణలో ఈ భేదం మరింత పదునెక్కుతుంది. ఏ వాక్యాలు ఏకకాలంలో నడవగలవో లెక్కించే విశ్లేషణను పరిశోధకులు 2021లో జోడించారు. తప్పుడు హెచ్చరికలను తగ్గించే మార్గమది. కానీ హెచ్చరికను తొలగించే ప్రతి సవరణ ఒక నియమాన్ని సడలిస్తుంది. సడలింపు హద్దు మీరితే నిజమైన రేస్ దాగిపోతుంది. అందుకే ప్రతి సవరణకూ రేస్ ఉన్న ప్రోగ్రాము, దాన్ని సరిదిద్దిన ప్రోగ్రాము జంటగా పరీక్షలో నిలవాలి. లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల రూపొందించిన డేటారేస్‌బెంచ్‌లో రెండు రకాలూ ఉన్నాయి.

ఇక ఎల్‌ఎల్‌వీఎం దాదాపు ఆరు నెలలకొక కొత్త సంచికగా వస్తుంది. దాని అంతర్గత నిర్మాణం మారితే, ఒక్క అక్షరం ముట్టకపోయినా దానిపై ఆధారపడిన సాధనం పనిచేయకుండా పోవచ్చు. ఈ మరమ్మతుకు పరిశోధనపత్రం రాదు, పట్టా రాదు. విశ్వవిద్యాలయాలలో పుట్టిన సాధనాలు తరచు దిక్కులేనివయ్యేది ఇక్కడే. ఒక శ్రేణిలోని విలువే మరో శ్రేణికి సూచిక అయినప్పుడు, ఆ విలువ నడిచేటప్పుడే తెలుస్తుంది; స్థిర విశ్లేషణకు అది అందదు. అటువంటి చోట సాధనం ‘తెలియదు’ అనాలి. కొత్త సంచికకు మార్చే తొందరలో ఆ ‘తెలియదు’ కాస్తా ‘లేదు’గా మారిందేమో అన్నది నిర్వాహకుడు మొదట సరిచూడవలసిన అంశం.