డ్యూటీ దిగాక బార్‌బెల్

బరువులెత్తే వ్యాయామంలో ఇవాళ అందరూ పాటించే సెట్ల లెక్క స్థిరపడింది ఆస్పత్రిలో. రెండో ప్రపంచ యుద్ధంలో మోకాళ్లు, తొడలు దెబ్బతిన్న సైనికులతో అమెరికా సైనిక ఆస్పత్రులు కిక్కిరిసి ఉండేవి. తేలిక బరువులు చాలాసార్లు ఎత్తించే అప్పటి చికిత్సతో వాళ్లు నెలల తరబడి మంచాలకే అంటుకుపోయేవారు. చికాగోలోని గార్డినర్ జనరల్ హాస్పిటల్‌లో పనిచేసే థామస్ డెలార్మ్ అనే యువ సైనిక వైద్యుడికి స్వయంగా బరువులెత్తే అలవాటు ఉంది. తన ఒంటి మీద నేర్చుకున్నదాన్ని ఆయన రోగుల దగ్గరికి తెచ్చాడు. పదిసార్లకు మించి ఎత్తలేనంత బరువు పెట్టి, బలం వచ్చేకొద్దీ దాన్ని పెంచుతూ పోయాడు. 1945లో ఆ ఫలితాలు ప్రచురించాడు. మొదట్లో ఎన్నో సెట్లు చేయించినవాడే, 1948లో ఆర్థర్ వాట్కిన్స్‌తో కలిసి రాసిన వ్యాసం నాటికి మూడు చాలన్నాడు: పదిసార్లు ఎత్తగల బరువులో సగంతో ఒకటి, ముప్పావుతో ఒకటి, పూర్తి బరువుతో ఒకటి. ఇవాళ డ్యూటీలతో నలుగుతూ కూడా జిమ్ మానని పీజీ డాక్టర్‌ను ‘ఉన్న అలసట చాలదా’ అని ఇంట్లోవాళ్లు కోప్పడుతుంటారు. తన వృత్తిలోని పెద్దవాడొకడు చూపిన మందునే ఆ పిల్లో, పిల్లాడో వాడుతున్నారని, మోతాదు తెలిస్తే అది వాళ్లకు నిజంగా పనిచేస్తుందని నేనంటాను.

పీజీల విసుగంతా పని ఎక్కువ కావడం వల్లే అనుకోవడం సగం నిజం. 1981లో క్రిస్టీనా మాస్లాక్, సూసన్ జాక్సన్ ప్రకటించిన కొలమానం వృత్తిలోని అలసటను మూడు పాయలుగా చూస్తుంది: మనసు ఖాళీ అయిపోవడం, ఎదుటి మనిషి పట్ల మొద్దుబారడం, తాను సాధిస్తున్నదేమీ లేదనిపించడం. ఈ మూడోది వైద్య శిక్షణలో లోలోపల తినేస్తుంది. చదివితే మార్కు వస్తుందన్న లెక్కకు చిన్నప్పటి నుంచీ అలవాటుపడి, ర్యాంకులు కొట్టి వచ్చినవాళ్లు వీళ్లు. వార్డులో ఆ లెక్క తప్పుతుంది. రాత్రంతా కనిపెట్టుకుని ఉన్నా రోగి తెల్లారేసరికి పోవచ్చు. శాంపిల్స్ ల్యాబ్‌కి మోయడం, కేస్‌షీట్లు నింపడం, రిపోర్టుల కోసం ఫోన్లు చేయడం, రౌండ్స్‌లో అందరి ముందూ మాట పడటం, వీటి మధ్య నిన్నటికన్నా ఇవాళ మెరుగైన డాక్టర్ అయ్యారో లేదో తెలిసేదెలా? కిందటి నెల 80 కిలోలతో ఐదుసార్లు స్క్వాట్ చేసిన మనిషి ఈ నెల 85తో చేస్తే మాత్రం అందులో సందేహానికి తావు లేదు, పైవాళ్ల దయతో పనిలేదు. 2018లో జామా సైకియాట్రీలో వచ్చిన సమీక్ష 33 ప్రయోగాలను, 1,877 మందిని కలిపి చూసి, ఈ వ్యాయామం కుంగుబాటు లక్షణాలను తగ్గిస్తుందని తేల్చింది. బలం ఎంత పెరిగిందన్నదానితో ఆ మేలుకు సంబంధం కనిపించలేదు. నా వాదనకు ఇది కొంచెం అడ్డొచ్చే వివరమే. కానీ ప్లేట్లు పెరగని నెలల్లోనూ మానొద్దని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఆధారం లేదు.

ఇక మోతాదు సంగతి. కండరానికి అలవాటైనదానికన్నా కాస్త ఎక్కువ పని చెప్పాలి, తిండీ నిద్రా ఇచ్చి కోలుకోనివ్వాలి, ఆపైన ఒకటి రెండు కిలోలు చేర్చాలి. తాలింఖానాల్లో వస్తాదులు దండీలు, బస్కీలు లెక్కపెట్టి పెంచుతూ చేయించిందీ ఈ దారిలోనే. బార్‌బెల్ వచ్చాక ఆ పెంపును కిలోల్లో రాసిపెట్టుకునే వీలు కలిగింది. స్క్వాట్, బెంచ్‌ప్రెస్, డెడ్‌లిఫ్ట్ మూడూ కలిసి దాదాపు ఒళ్లంతటికీ పని చెబుతాయి కనుక తీరికలేనివాళ్లు వాటినే నమ్ముకోవచ్చు. అయితే నెల ముందే గీసుకున్న పట్టికను పట్టుకు వేలాడితే పీజీలో కుదరదు, రోస్టర్ ఎప్పుడు మారుతుందో ఎవరికీ తెలియదు. దీనికి లిఫ్టర్ల దగ్గర ‘ఆర్‌పీఈ’ అనే పద్ధతి ఉంది. సెట్ అయ్యాక ఇంకెన్నిసార్లు ఎత్తగలనని తమను తామే అడిగి పదికి మార్కు వేసుకుంటారు. పది వేస్తే ఇక ఒక్కటీ రాదని, ఎనిమిది వేస్తే ఇంకో రెండు మిగిలాయని. మామూలుగా 85తో వచ్చే ఎనిమిది, నిద్రలేని రోజు 70తోనే వస్తే ఆ రోజుకు 70 చాలు. కొన్ని వారాలకోసారి కావాలనే బరువు తగ్గించే ‘డిలోడ్’ వారాన్ని ఎమర్జెన్సీ డ్యూటీలు ఎక్కువపడే వారానికి జరుపుకోవడం తెలివైన పని. విశ్రాంతిని శిక్షణలో భాగంగా లెక్కగట్టే ఈ పద్ధతిని చూసి వైద్యవిద్య నేర్చుకోవలసింది చాలా ఉంది.

అంత సమయమెక్కడిదని అడిగేవాళ్లకు 2011 నాటి ఒక అధ్యయనం చూపిస్తాను. పదహారు వారాలు వారానికి మూడు రోజులు బరువులెత్తిన యువతీయువకుల్లో కొందరు, తర్వాత 32 వారాలపాటు అందులో తొమ్మిదో వంతు మాత్రమే చేశారు. అంటే వారానికి ఒక్కరోజు, వ్యాయామానికి ఒక్క సెట్. అయినా కూడబెట్టిన బలం, కండ నిలిచాయి. కష్టమైన పోస్టింగు వచ్చినప్పుడు పూర్తిగా వదిలేయడం, తర్వాత అపరాధభావంతో ఒక్కసారిగా మీదపడటం, రెండూ అనవసరం. రెండోది ప్రమాదం కూడా: విరామం తర్వాత అతిగా చేస్తే కండరాలు చితికి కిడ్నీల మీదికి రావచ్చని డాక్టర్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నైట్ డ్యూటీ దిగి నేరుగా బరువైన డెడ్‌లిఫ్ట్‌కు పోవడమూ తప్పే. ముందు నిద్ర, ఆ తర్వాతే జిమ్.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసే అభ్యంతరం వేరే ఉంది. వ్యవస్థ తప్పును వ్యక్తి కండల మీద మోపుతున్నామా అని. రెసిడెంట్ల డ్యూటీ మామూలుగా ఒక విడతకు 12 గంటలు, వారానికి 48 గంటలు దాటకూడదని 1992లోనే కేంద్ర ప్రభుత్వ రెసిడెన్సీ పథకం చెప్పింది. 2024లో జాతీయ వైద్య కమిషన్ నియమించిన కార్యదళం వారానికి 74 గంటలు మించొద్దని సిఫారసు చేసింది. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ ముప్పై ఏళ్లలో ఆశ ఎంత కుంచించుకుపోయిందో అర్థమవుతుంది. ఆ పరిమితికి బదులుగా బార్‌బెల్‌ను చూపించే యాజమాన్యం ఏదైనా ఉంటే దాన్ని నేను సమర్థించను. కోలుకోవడానికి వ్యవధి లేనిచోట బరువులెత్తడం వల్ల కూడా బలం రాదు, గాయాలే వస్తాయి. కాబట్టి డ్యూటీ గంటల పరిమితి అడగడం, హాస్టల్ జిమ్ అర్ధరాత్రి కూడా తెరిచి ఉంచమనడం, రెండూ ఒకే అర్జీలో పెట్టవలసిన కోరికలు.