తీరం లేని దేశాల పేదరికం: కోలియర్ వాదనపై ఒక విమర్శ

పేద దేశాలను ముందుకు సాగనివ్వని నాలుగు ఉచ్చులను పాల్ కోలియర్ తన 'ది బాటమ్ బిలియన్' (2007)లో వివరించాడు. సముద్రతీరం లేకపోవడం, పొరుగు దేశాలు బాగుండకపోవడం కలిసి వాటిలో ఒకటి. స్విట్జర్లాండ్ సరకులకు జర్మనీ, ఇటలీల మార్గాలు ఉన్నాయి. ఉగాండా కాఫీ మాత్రం కెన్యా దాటి మొంబాసా రేవుకు చేరాలి. 2008 ఆరంభంలో కెన్యాలో ఎన్నికల అనంతర హింస చెలరేగగానే ఉగాండాలో పెట్రోలుకు కటకట ఏర్పడింది. కనుక కోలియర్ పరిశీలన విలువైనదే.

అయితే దారి ఉంటే చాలునా? ఈ ప్రశ్నకు తీరం లేని మన హైదరాబాద్ సంస్థానం మంచి ఉదాహరణ. 1802 నాటి వాణిజ్య ఒప్పందం నిజాముకు మచిలీపట్నం రేవును వాడుకునే హక్కు ఇచ్చింది; కాని కంపెనీ ప్రాంతాలతో సాగే వర్తకంపై సుంకాన్ని 5 శాతానికి పరిమితం చేసింది. 1874లో నిజాం సొమ్ముతో వేసిన వాడి-సికింద్రాబాద్ రైలుమార్గం సంస్థానాన్ని బొంబాయితో కలిపింది. పత్తి, నూనెగింజలు బయటికి వెళ్ళాయి. మిల్లుబట్టలు లోపలికి వచ్చాయి. కిషన్‌బాగ్‌లోని వంటింటి ఉప్పుకు సైతం బయటి తీరమే ప్రధాన ఆధారం. రేవు హక్కు, రైలు రెండూ ఉన్నా, సుంకం పెంచి స్థానిక మగ్గాన్ని కాపాడుకునే స్వేచ్ఛ మాత్రం లేదు. 1948లో ఆంక్షలు బిగిసినప్పుడు ఆ దారులే సంస్థానానికి బలహీనతగా మారాయి.

కోలియర్ భూగోళానికి, పొరుగువారికి ఇచ్చిన ప్రాధాన్యం ఒప్పందాల షరతులకు ఇవ్వలేదు. ఆయన వాదనలోని ప్రధాన లోపం ఇదే.

ఆలోచించండి: ఉగాండాకు ఎక్కువ అవసరమైనది మంచి రోడ్డా, బేరమాడే శక్తా?